పొడుగు వాక్యాన్ని చంపిందెవరు?

“ఈ భూమ్మీద నేరగాళ్ళందరికీ ఇవాళ్టితో రోజులు దగ్గరపడ్డాయిరా కండక్టరూ. ఎందుకో తెలుసా? నేను చదవడం మొదలుపెట్టాను.”

ఈ చారిత్రక ప్రకటన మా ఇంటి వరండాలో జరిగింది. అప్పటికి నేను సగం గడ్డం గీసుకుని, తక్కిన సగానికి సబ్బు పూసుకుని కూర్చున్నాను. ప్రకటించినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరం ఒకే పల్లెటూరి బడిలో, ఒకే పంతులి బెత్తం కింద పెరిగాం. నేను బస్సు కండక్టరునయ్యాను. వాడు కళ్ళజోళ్ళ కొట్టు పెట్టాడు. వయసు మళ్ళాక కొట్టు కొడుక్కి అప్పగించి, ఒక్క భూతద్దం మాత్రం జేబులో వేసుకుని బయటికి వచ్చి, తనను తాను అపరాధ పరిశోధకుడిగా నియమించుకున్నాడు. పేటంతా వాణ్ణి భూతద్దం అంటారు. అది బిరుదని వాడి ఉద్దేశం. మేమెవరమూ కాదనలేదు.

వాడి ప్రతిభకు ఒక్క ఉదాహరణ చాలు. పక్కింట్లో పాలు మాయమవుతున్న కేసులో, మూతికి మీగడ అంటుకున్న పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ, పాలవాణ్ణి పొద్దస్తమానం నిలదీశాడు. చివరికి పాలవాడు ఒప్పుకున్నాడు కూడా. ఇంటికి పోనిస్తే చాలనుకున్నాడు పాపం.

“ఏం చదువుతున్నావేంటి?” అన్నాను.

“వాక్యాలు.”

“అందరూ చదివేవి అవేగా.”

“అందరూ కథ చదువుతారు. నేను వాక్యం చదువుతాను. మనిషి మీసం మార్చగలడు, గొంతు మార్చగలడు, పెళ్ళాం దగ్గర మాట మార్చగలడు. వాక్యం మార్చలేడు. ఏ మాట ఏరుకుంటాడు, ఏది వదిలేస్తాడు, ఏరుకున్నవాటిని ఏ వరసలో నిలబెడతాడు, ఎక్కడ చుక్క పెడతాడు, ఇదంతా కలిస్తే శైలి. శైలంటే వేలిముద్రరా. చేతికి తొడుగు వేసుకున్నా పడే వేలిముద్ర.”

“ఇది నీ బుర్రలో పుట్టింది కాదు.”

“కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చిన మాస్టారొకాయన మా కొట్టులో పుస్తకం మరిచిపోయి వెళ్ళాడు. మొదటి అధ్యాయం పూర్తిచేశాను.”

“మిగతావి?”

“ఒక్క అధ్యాయంతోనే హత్య దొరికితే మిగతావి ఎందుకు?”

హత్య అనేసరికి నా చేతిలో కత్తి జారి చెంప మీద గాటు పడింది. ఈ కేసు మొత్తంలో చిందిన రక్తం అదే.

వాడు చంకలోని వారపత్రికల కట్ట నా ముందు పడేసి, “చచ్చింది గ్రంథంగారు” అన్నాడు.

గ్రంథంగారిని మా పేటలో ఎరగనివాళ్ళు లేరు. రెండు వీధుల అవతల నీలం తలుపుల ఇల్లు. ముప్పై ఏళ్ళుగా వారపత్రికలో నడిమి పేజీ ఆయనది. ఒక సీరియల్ అయిపోతే మరొకటి, పేజీ మాత్రం అదే. ఆయన పుస్తకాల అట్టల వెనక నోరారా నవ్వుతున్న ఫోటో ఉంటుంది. ఆయన శైలి గురించి చెప్పాలంటే, ఒక వాక్యం మొదలైతే అది ఎక్కడ ఆగుతుందో ఆయనకూ అచ్చువేసేవాడికీ మధ్య రహస్యం. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో బస్సులో కూర్చుని ఆయన సీరియల్ చదివేవాణ్ణి. ఒకసారి వాక్యం మొదలుపెట్టేసరికి ఒక నిండు గర్భిణి బస్సెక్కింది. ఆమె పుట్టింటికి వెళ్ళి, కాన్పయి, బిడ్డనెత్తుకుని మళ్ళీ నా బస్సే ఎక్కేసరికి, “అని పలికెను” అన్న ముక్క దగ్గరికి చేరుకున్నాను. టికెట్టు ఇస్తూ పిల్లవాడికి ఏం పేరు పెట్టారమ్మా అంటే, వాడే చెప్పాడు.

భూతద్దం పాత సంచిక ఒకటి తెరిచి గొంతు సవరించుకున్నాడు. “విను. ఇది చావుకు ముందు. ‘శరత్సమయ శశాంక శీతల కిరణ సముదాయ సంసేవిత సౌధ శిఖరాగ్రమున, సఖీజన సమేతయై, శిరీష సుమ సదృశ సుకుమార శరీరయైన సుశోభిత...’”

“ఇంకెంతుంది?”

“పేజీ తిప్పాలి. సరే, ఇప్పుడిది విను. ఇది చావు తర్వాత.” కొత్త సంచిక తీశాడు. “‘ఆ పిల్ల నూతిలో పడింది. పైకి రాలేదు. మర్నాడు వాన. ఇంకో పిల్ల బండి దిగింది. పేరు లీల. ఎవరూ మాట్లాడలేదు.’”

నేను సబ్బు సంగతి మరిచిపోయాను. నిజం చెప్పాలంటే, ఆ సీరియల్లో ఏం జరుగుతోందో నాకు బోధపడటం అదే మొదటిసారి. కొన్ని వారాలుగా లీల కోసమే పత్రిక తెప్పించుకుంటున్నాను. అయితే ఆ మాట పైకి అనలేదు.

“చూశావా?” అని వాడు భూతద్దం ఆ పేరా మీద పెట్టాడు. “ఇక్కడ ఇదివరకు విశేషణాలు పిల్లాజెల్లాతో కాపురం ఉండేవి. ఇప్పుడు ఇంటికి తాళం. సమాసాలన్నీ రాత్రికి రాత్రి ఊరొదిలి పారిపోయాయి. ఇన్నాళ్ళూ మోసిన నాయికను నూతిలో తోసి, ఏమయిందని తొంగైనా చూడలేదు. ఇది గ్రంథంగారి పని కాదు. ఆయన్ను మాయంచేసి, ఆయన కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. చీకటి హస్తం ఒకటి ఈ పేట మెడ చుట్టూ బిగుసుకుంటోందిరా.”

“ఎవరిదా హస్తం?”

“మాటకింత అని లెక్కగట్టి రాయడం అలవాటున్నవాడిది. అంటే?”

“అంటే?”

“తంతి ఆఫీసు.”

గ్రంథంగారి బావమరిది తంతి ఆఫీసులో టెలిగ్రాములు కొట్టే పనిచేసి మానుకున్నాడు. కొన్నాళ్ళుగా అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. వారం వారం పత్రికాఫీసుకు కాగితాలు పట్టుకెళ్ళేది కూడా అతనే. అదే సమయానికి గ్రంథంగారు బయట కనిపించడం మానేశారు. నాకు మొదటిసారి వీపు మీద చలిపుట్టింది. అయితే భూతద్దం చెప్పినదానికి చలిపుట్టడం నాకే సిగ్గనిపించి, మిగతా గడ్డం గీసుకోవడంలో పడ్డాను.

పత్రికాఫీసు మేడమీద. మెట్ల కింద అచ్చుయంత్రం రొద, మెట్లపైన సిరా వాసన. ఎడిటరు బల్ల మీద ఉత్తరాలు గుట్టలు పోసి ఉన్నాయి. ఆయన సంపాదకీయాలు రాసీ రాసీ, ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా రెండు పక్షాలూ వినిపించేదాకా అడగలేని స్థితికి వచ్చిన మనిషి.

“గ్రంథంగారి కొత్త శైలి గురించి వచ్చారా?” అన్నాడు. “ఒకవైపు చూస్తే అదొక ప్రయోగం. మరోవైపు చూస్తే అదొక విప్లవం. ఇన్నేళ్ళలో ఇన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. లీల లోపల గడియ పెట్టుకుంది, కథానాయకుడు బయట వానలో నిలబడ్డాడు, పోయిన వారం అక్కడ ఆపారు. తలుపు తీస్తుందా లేదా అని జనం ఆఫీసుకొచ్చి అడుగుతున్నారు. ఇదిగో, విమర్శకుడొకాయన వ్యాసమే పంపాడు. వినండి. ‘జీవితాన్ని కాచి వడపోసిన దశలో రచయిత శబ్దాన్ని వదిలి మౌనంలో ప్రవేశించాడు. పదాల మధ్య ఈ ఖాళీలు ఊరికే వచ్చినవి కావు, తపస్సుతో సాధించినవి.’”

“ఖాళీలు కాదండీ, గాయాలు” అన్నాడు భూతద్దం. ఆ పైన తన సిద్ధాంతం అంతా విప్పాడు. వేలిముద్ర, విశేషణాల కాపురం, నూతిలో నాయిక, తంతి ఆఫీసు, చీకటి హస్తం, ఏదీ వదల్లేదు.

ఎడిటరు మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపాడు. తర్వాత లేచి కిటికీ మూశాడు.

“నిజమే. మనిషిని చూసి చాలా రోజులైంది. ఒకవైపు చూస్తే మీరు చెప్పేది శుద్ధ అవివేకం...”

“మరోవైపు?” అన్నాను నేను.

“మరోవైపు చూస్తే, ఎవడో రాసినదానికి ఆయన పేరు వేస్తే నా కొంపకు నిప్పు. ఇవాళ సాయంత్రం అచ్చు. ఈ వారం కాగితాలు ఇంకా రాలేదు. పదండి, ఇప్పుడే వెళ్దాం. గ్రంథంగారు స్వయంగా నా కళ్ళముందు కూర్చుని చెప్తే సరే. లేకపోతే ఇవాళ్టితో సీరియల్ బంద్. ఆ పేజీలో తలనూనె ప్రకటన వేసేస్తాను. వాళ్ళు ఎప్పట్నుంచో ఆ పేజీ శాశ్వతంగా అడుగుతున్నారు.”

దారి పొడుగునా భూతద్దం గోడలవారగా నడిచాడు. ఎండ నిలువునా కాస్తుండగా నీడలో దాక్కుంటూ నడవడం ఎలా అని అడిగితే, నీడను మనసులో ఊహించుకోవాలన్నాడు.

నీలం తలుపు తీసినవాడు బావమరిది.

“ఎవరు? ఎందుకు? సరే. కూర్చోండి” అన్నాడు.

భూతద్దం నా డొక్కలో పొడిచాడు. “విన్నావా. మాటకింత.”

ముందుగదిలో ఒక గుండ్రటి బల్ల, నాలుగు పేము కుర్చీలు. బల్లమీద అరటిపళ్ళ గెల, పాలగ్లాసు, చెంచా. భూతద్దం ఆ చెంచాను అద్దం పెట్టి పరిశీలించి, “ఖైదీ తిండి. నమలనక్కర్లేకుండా పెడుతున్నారు. మత్తుమందు కలపడానికి వీలుగా” అని గొణిగాడు.

లోపలి గది తలుపు మూసి ఉంది. దాని ముందు గ్రంథంగారి భార్య వచ్చి నిలబడ్డారు. చేతిలో కలం, చూపుడువేలికి సిరా. ఆవిడ ఆ తలుపుకు అడ్డంగా నిలబడిన తీరు చూస్తే, కదల్చడానికి మా ముగ్గురి బలం చాలదనిపించింది.

“ఆయన ఎవరినీ చూడరు బాబూ. కాగితాలు ఇంకాసేపట్లో తమ్ముడు తెస్తాడు. మీరు వెళ్ళండి.”

“కాగితాలు కాదమ్మగారూ, మనిషి కావాలి” అన్నాడు ఎడిటరు. “ఒకవైపు చూస్తే అడగడానికి నాకే మొహమాటంగా ఉంది. మరోవైపు చూస్తే, ఆయనే చెప్తున్నారని రుజువు కావాలి. నా ఎదుట ఒక్క వాక్యం చెప్పమనండి చాలు. లేదంటే ఇవాళ్టి నుంచి ఆ పేజీ తలనూనెవాళ్ళది.”

ఆవిడ మొహం పాలిపోయింది. “ఆయన చెప్తుంటేనే నేను రాస్తున్నాను. పెళ్ళయినప్పట్నుంచీ అంతే. ఆయన పచార్లు చేస్తూ చెప్తారు, నేను రాస్తాను. తన నోటితో తాను పలికి చూసుకోని మాట కాగితం మీద పెట్టనివ్వరు. అది ఆయన పట్టుదల.”

“మరి ఇంకేం, ఇక్కడే పలకమనండి.”

“రారు.”

“ఎందుకు రారు?”

ఆవిడ తమ్ముడి వంక చూశారు. తమ్ముడు నేల వంక చూశాడు.

“చెప్పకూడదు. బావకు మాటిచ్చాం” అన్నాడు.

“ఆ పేజీ ఒక్కటే ఆయన ఊపిరి బాబూ” అన్నారు ఆవిడ గొంతు తగ్గించి. “పొద్దున లేచేది దానికోసమే. అది తలనూనెవాళ్ళకిస్తే ఆయన మంచం దిగరు. ఒక్క వారం ఆగండి. వచ్చే వారం ఆయనే ఆఫీసుకొస్తారు.”

“వారం ఆగితే పేజీ ఆగదమ్మా.”

అప్పుడు మూసిన తలుపు వెనక ఎవరో ఏదో అన్నారు. అన్నారనడం కన్నా అనబోయారనడం నయం. ఊ అనీ, అవ్వ అనీ, ఫూ అనీ గాలి కలిసిన మూలుగు.

భూతద్దం నా ముంజేయి పట్టుకున్నాడు. “నోట్లో గుడ్డలు కుక్కారు. పద, పెరట్లోకి.”

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకూ అలాగే అనిపించింది. లేకపోతే వాడి వెనక నడిచేవాణ్ణి కాదు.

పెరట్లో లోపలి గది గోడకు ఎత్తున ఒక వెంటిలేటరు. కింద ఖాళీ నీళ్ళ డ్రమ్ము. దాన్ని బోర్లించి, భూతద్దాన్ని దానిమీదికి ఎక్కించి, వాడి కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకున్నాను. వాడు వెంటిలేటరు దగ్గర మొహం పెట్టి, జేబులోంచి ఆయుధం తీశాడు.

“ఏం కనిపిస్తోందిరా?”

“ఘోరం. హంతకుడే. ఒళ్ళంతా బొచ్చు. ఎనిమిది కాళ్ళు.”

“భూతద్దం తీసి చూడరా. అది సాలీడు.”

వాడు అద్దం తీశాడు. సాలీడు చిన్నదైపోయి పక్కకు తప్పుకుంది. తప్పుకుంటూ, ఇల్లు కట్టినప్పట్నుంచీ ఎవరూ తుడవని దుమ్ము కాస్త రాల్చింది. వాడి ఒళ్ళు వెనక్కి వంగింది. డ్రమ్ము ఊగింది. తర్వాత తుమ్మాడు.

అది మామూలు తుమ్ము కాదు. మా బడిలో వాడు తుమ్మితే పంతులుగారు గంట కొట్టారనుకుని పిల్లలు ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ తుమ్ముతో పాటు వాడి నోట్లోంచి తెల్లగా ఏదో ఎగిరి వెంటిలేటరులోంచి గదిలోకి వెళ్ళిపోయింది. లోపల ఏదో బల్లమీద టకటకా పడిన చప్పుడు. వాడు నా మీద పడ్డాడు. నేను అరటి మొక్కల మీద పడ్డాను.

లేచి చూసేసరికి భూతద్దం మొహం సగం అయింది. బుగ్గలు లోపలికి పోయాయి. వాడివి కట్టుడు పళ్ళని ఆ రోజే నాకు తెలిసింది. ఇన్నేళ్ళ స్నేహంలో నాకు తెలియకుండా వాడు దాచగలిగిన రహస్యం అదొక్కటే. పరిశోధకుడుగా పనికిరాకపోయినా నేరగాడుగా పైకొచ్చేవాడే అనుకున్నాను.

“లోపలికి వెళ్ళాయి” అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

లోపల నిశ్శబ్దం. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు. ఏదో కడిగిన చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ తర్వాత గోడలు అదిరేలా ఒక కంఠం లేచింది.

“సకల శాస్త్ర సమ్మత శిష్ట సంప్రదాయ సంరక్షణాసక్తుడనై, సంవత్సర సహస్రములు స్మరింపదగు సారస్వత సేవ సలుపుచున్న నన్ను, సందేహ పిశాచ సంగ్రస్తులై, సభ్యతా శూన్యులై, స్వగృహ సీమలోనే శంకింప సాహసించిన...”

మేము పరుగెత్తుకుంటూ ముందుగదిలోకి వచ్చేసరికి లోపలి తలుపు బార్లా తెరిచి ఉంది. గ్రంథంగారు గడపలో నిలబడి ఉన్నారు. నిక్షేపంగా ఉన్నారు. మనిషి కాస్త చిక్కారు గానీ మాట చిక్కలేదు. ఎడిటరు కుర్చీలోంచి లేచి నిలబడి, వాక్యం ఎప్పుడు పూర్తయితే అప్పుడు నమస్కారం పెడదామని రెండు చేతులూ ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. పూర్తికాకపోవడంతో అవి అలాగే గాలిలో ఉన్నాయి.

ఆ వాక్యాన్ని ఆపింది భార్య.

“అదేంటండీ, పళ్ళొచ్చాయా? డాక్టరు వచ్చే వారం అన్నాడుగా.”

ఆవిడ నోరు మూసుకున్నారు గానీ అప్పటికే ఆలస్యమైంది. గ్రంథంగారు ఎర్రబడ్డారు. తర్వాత, ఎలాగూ బయటపడింది కదా అని కుర్చీలో కూర్చున్నారు. “పైనుంచి పడ్డాయి. ఎవరు పంపారో, ఎలా పంపారో అడగలేదు” అన్నారు.

“పైనుంచి పళ్ళు. వింత” అన్నాడు బావమరిది.

ఆవిడ చెప్పుకొచ్చారు. పళ్ళన్నీ కదిలిపోతే పళ్ళ డాక్టరు ఊడపీకేశాడు. చిగుళ్ళు ఆరేదాకా కొత్తవి కుదరవన్నాడు. మర్నాడు ఈయన ఎప్పటిలా పచార్లు చేస్తూ మొదలుపెడితే, మొదటి మాటకే ఈల వచ్చింది. శరత్తు అంటే ఈల. సౌధం అంటే ఈల. సుశోభిత అంటే ఈల, తుంపర. పలకని మాట రాయనివ్వరు. పలకబోతే పక్కింటివాళ్ళు కుక్కర్ దింపుకోమని కేకేస్తున్నారు. చివరికి ఈలలేని మాటలు మాత్రం ఏరుకుని, ఊపిరి జారిపోకముందే చుక్క పెట్టి, రోజుకు కాస్త చొప్పున చెప్పారు. నాయిక సుశోభిత పేరు నోరు తిరగక ఆమెను నూతిలో పడేశారు. ఆ రోజు అన్నం కూడా తినలేదట.

ఎడిటరు జేబులో విమర్శకుడి వ్యాసం ఉంది. ఆయన దాన్ని ఇంకాస్త లోపలికి తోసుకోవడం నేను చూశాను. కాచి వడపోసిన జీవితం, తపస్సుతో సాధించిన మౌనం, అన్నీ ఒక వరస చిగుళ్ళయి కూర్చున్నాయి. అయినా ఆ వ్యాసం వచ్చే వారం అచ్చయింది. చిగుళ్ళ సంగతి తెలియనివాళ్ళు దాన్ని చాలా మెచ్చుకున్నారని విన్నాను.

“ఏమయ్యా, హత్య అన్నావు?” అని ఎడిటరు భూతద్దం మీదికి తిరిగాడు.

భూతద్దం నోటిమీద చెయ్యి తీశాడు. అందరం చూశాం.

“బతికే ఉన్నారు. పళ్ళు ఊడాయి. నావి దొరికాయి. అంతే.”

జన్మలో వాడంత చక్కగా మాట్లాడగా నేను వినలేదు. ఎడిటరు కూడా తల ఊపాడు. విమర్శకుడుంటే వాడిమీద కూడా వ్యాసం రాసేవాడు.

గ్రంథంగారి మొహం మాత్రం మారిపోయింది. “ఇవి ఈయనవా?” అన్నారు. దవడ తడిమి చూసుకుని, “ఎవరివైతేనేం. ఈ భాగం పూర్తయ్యాక ఇస్తాను. రాయవే” అన్నారు భార్యతో.

ఆయన లేచి పచార్లు మొదలుపెట్టారు. పళ్ళు కాస్త వదులు. సంధి వచ్చినచోటల్లా టక్కుమనేవి. అయినా ఆయన మొహంలో పండగ. ఇన్ని వారాలుగా నోట్లో ఇరుక్కున్న మాటలన్నీ గేటు తీసిన గొర్రెల్లా ఒకదానిమీద ఒకటి పడి బయటికొచ్చాయి.

“సంధ్యా సమయ సమీర సంచలిత సుమ సౌరభ సంభరితమైన ఆ సదన ద్వార సమీపమున, సంశయ సంకట సంక్షోభిత స్వాంతయై, సజల నేత్ర సరోజ సముద్గత శీతలాశ్రు సిక్త...”

ఆవిడ రాస్తున్నారు. కాగితం నిండింది. రెండోది తీశారు. క్రియ జాడ లేదు. ఫోను మోగింది. అచ్చుయంత్రం దగ్గర్నుంచి. “వస్తోంది, వస్తోంది, వాక్యం నడుస్తోంది” అని ఎడిటరు పెట్టేశాడు. నడుస్తోందే గానీ ఎటు నడుస్తోందో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ ఫోను మోగింది.

ఇక ఎడిటరు ఉండబట్టలేకపోయాడు. “అయ్యా, ఒకవైపు చూస్తే ఇది మీ అసలు శైలి. మరోవైపు చూస్తే, జనానికి కావాల్సింది పోయిన వారం శైలి.”

గ్రంథంగారు ఆగారు. “అది శైలి అంటావటయ్యా? అవి నా చిగుళ్ళు.”

“చిగుళ్ళకే ఉత్తరాలు ఎక్కువొచ్చాయండి.”

ఆ దెబ్బ గట్టిగా తగిలింది. పెద్దాయన కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఏళ్ళు సాధనచేసి కట్టిన కోట కన్నా, పళ్ళులేని నోటితో తప్పనిసరై అన్న నాలుగు ముక్కలు జనానికి నచ్చాయంటే, నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి అది. నాకు జాలేసింది. లీల అంటే నాకూ ఇష్టమేనని చెప్పి ఓదార్చుదామనుకున్నాను. అది ఓదార్పు కాదని గ్రహించి ఊరుకున్నాను.

మూడోసారి ఫోను మోగింది. ఎడిటరు వాచీ చూసుకుని, “తలనూనె వేసెయ్యమంటాను” అని లేచాడు.

“ఇంతకీ ఏవండీ,” అన్నారు భార్య. ఆవిడ కలం ఆపారు. “లీల తలుపు తీసిందా, లేదా?”

ఆయన వెనక్కి తిరిగారు. ఆయన చెప్తే రాయడమే గానీ, ఏమవుతుందని ఆవిడ అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. ఎందుకంటే ఆయన ఏదో అనబోయి, ఆగి, ఆవిడ మొహం వంకే చాలాసేపు చూశారు. ఆవిడకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

గ్రంథంగారు నోట్లోంచి పళ్ళు తీశారు. నీళ్ళ గ్లాసులో కడిగి, కండువాతో తుడిచి, భూతద్దం చేతిలో పెట్టారు. బుగ్గలు లోపలికి పోయాయి. ఎడిటరు ముందు, మా ముందు, దాచుకోకుండా అలాగే నిలబడ్డారు. కళ్ళు మూసుకుని పెదవులు కదిపి చూసుకున్నారు. తీసింది అని పలకబోయారు కాబోలు, సన్నటి ఈల వచ్చింది. తల అడ్డంగా ఊపి ఆ మాట వదిలేశారు. ఇంకో మాట కోసం వెతుక్కున్నారు.

“రాయి” అన్నారు. “వాన ఆగింది. గడియ కదిలింది.”

ఆవిడ రాశారు. రాసి, చుక్క పెట్టి, “అమ్మయ్య” అన్నారు.

ఎడిటరు ఆ కాగితాన్నీ ఈ వారం ముందే రాసిపెట్టినవాటినీ లాక్కుని, సమాసాల కాగితాలు రెండూ కుర్చీలోనే వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు. ఏ వైపూ చూడకుండా ఆయన కదలడం అదొక్కసారే. గ్రంథంగారు భార్య పక్కన కూర్చుని, రాసినదాన్ని ఇంకొకరిది చదువుతున్నట్టు, గ్లాసులోని పాలు తాగుతూ మనసులో చదువుకుంటున్నారు.

అంతలో భూతద్దం పళ్ళు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“సోదర సోదరీమణులారా. సంక్లిష్టమైన సంకేతాలను సునిశితంగా శోధించి, సాలీడు స్వరూపంలో ఎదురైన సవాళ్ళను సైతం సాహసంతో...”

గ్రంథంగారు తలెత్తి వాడి వంక చూశారు.

“ఇంటికి పొండి” అన్నారు.

ఆయన వాక్యాల్లో నాకు ఒక్కసారి వినగానే పూర్తిగా బోధపడి, ఆ వెంటనే ఆచరణలో పెట్టగలిగింది అదే.